పడక పుండ్లు: ఒత్తిడి సరే, ఆ చోట వేడి సంగతేంటి?

గృహసేవ_శిక్షకురాలు (చర్చ ప్రారంభం)

ఇళ్ళల్లో మంచం పట్టిన వాళ్ళను చూసుకునే అటెండర్లకు పాఠాలు తయారు చేస్తున్నాను. అన్ని చార్టుల్లోనూ ఒకటే మాట: రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి, పొడిగా ఉంచండి. వేడి గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. ఇళ్ళల్లో జరిగేదేమో వేరు. నడుం కింద కమిలినట్టు కనబడగానే వేడినీళ్ళ సంచితో కాపడం పెడతారు. మంచం మీద రబ్బరు షీటు, దాని మీద బొంత, దాని మీద దుప్పటి, మళ్ళీ డైపరు.

నాకు తెలియాల్సినవి మూడు. చర్మం వేడెక్కితే పుండు పడే అవకాశం నిజంగా పెరుగుతుందా, పెరిగితే ఎంత? కాపడం పెట్టొద్దని చెప్పేటప్పుడు కారణం ఏమని చెప్పాలి? వేడి చెడ్డదైతే ఐసు మంచిదా?

---

కండ_చర్మం (ప్లాస్టిక్ సర్జరీ)

మేడమ్, మొదటి ప్రశ్నకు జవాబు: పెరుగుతుంది, అదీ గట్టిగానే.

ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన కండకు రక్తం అందదు. ఆ కండ ఎంతసేపు బతుకుతుందన్నది దాని ఖర్చు మీద ఆధారపడి ఉంటుంది. ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే కణాల ఆక్సిజన్ ఖర్చు సుమారు 10 శాతం పెరుగుతుంది. అంటే 39 డిగ్రీల జ్వరంలో ఉన్న మనిషి కండ మామూలు కంటే ఐదో వంతు ఎక్కువ అడుగుతోంది, అందేది మాత్రం అంతే, లేదా ఇంకా తక్కువ.

మామూలుగా చర్మం వేడెక్కితే రక్తనాళాలు విప్పారి, రక్తమే ఆ వేడిని మోసుకుపోతుంది. నొక్కుకుపోయిన చోట నాళాలు విప్పారలేవు. కాబట్టి వేడి అక్కడే నిలిచిపోతుంది, ఖర్చు పెరుగుతుంది, సరఫరా పెరగదు. అటెండర్లకు కాపడం గురించి చెప్పాల్సిన కారణం ఇదే. "కాపడం పెడితే రక్తం బాగా ఆడుతుంది" అన్న మాట మెడ పట్టేసినప్పుడు నిజం. నలిగిన చోట ఆడడానికి దారే లేదు.

దీన్ని నేరుగా పరీక్షించిన ప్రయోగం 1995లో వచ్చింది, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళది. పందుల మీద లోహపు బిళ్ళలతో 100 మిల్లీమీటర్ల పాదరసం (బీపీ కొలిచే లెక్కే) ఒత్తిడి, 5 గంటల పాటు. ఒత్తిడి అన్నిటికీ ఒకటే, బిళ్ళ వేడి మాత్రం వేరు: 25, 35, 40, 45 డిగ్రీలు. 25 దగ్గర నష్టం కనబడలేదు. 35 దగ్గర పైచర్మం బాగానే ఉంది, లోపలి కండ మాత్రం దెబ్బతింది. 40, 45 దగ్గర చర్మం, కండ రెండూ పోయాయి.

35 దగ్గర జరిగింది ఒకటికి రెండుసార్లు చదవండి. పరుపు మీద ఆనించి ఉన్న మనిషి చర్మం సహజంగానే చేరే వేడి అదే. పైన ఏమీ కనబడకుండా లోపల కుళ్ళే రకం పుండు అక్కడే మొదలవుతుంది.

---

ప్రశ్న_అడుగుతా

డాక్టర్ గారూ, రెండు అభ్యంతరాలు.

ఒకటి, 45 డిగ్రీల ఫలితాన్ని ఒత్తిడి ఖాతాలో వేయకూడదు. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు చేసిన కాలిన గాయాల పనిలో 44 డిగ్రీలు దాదాపు 6 గంటలు తాకితే చర్మం కాలుతుందని తేలింది. ఆ పైన డిగ్రీకి వ్యవధి సగమవుతూ వస్తుంది, అంటే 45 దగ్గర సుమారు 3 గంటలు. 5 గంటలు 45లో ఉంచితే ఒత్తిడి లేకపోయినా కాలుతుంది.

రెండు, ఒంటి లోపల ఎలాగూ 37. పైన చల్లబరిస్తే ఎముక పక్కనున్న కండ ఎలా చల్లబడుతుంది?

---

కండ_చర్మం

మొదటి అభ్యంతరం పూర్తిగా సరైనది. 45ని పక్కన పెట్టేద్దాం. 25, 35, 40 మధ్య తేడా చాలు మన పనికి, ఆ మూడూ కాలే వేడికి కిందే ఉన్నాయి.

రెండోదానికి: రక్తం పారుతున్నంత సేపు కండను 37 దగ్గర నిలబెట్టేది ఆ రక్తమే. ఒత్తిడితో రక్తం ఆగితే ఆ వేడి సరఫరా కూడా ఆగుతుంది. అప్పుడు నలిగిన కండ వేడి మెల్లగా పైకి, చల్లగా ఉన్న వైపుకు పారుతుంది. అందుకే పై ఉపరితలం వేడి లోపలికి కొంతవరకు చేరుతుంది, లోతు పెరిగేకొద్దీ తగ్గుతుంది. తక్కువ మందం ఉన్న చోట, అంటే త్రికాస్థి (నడుం కింద, పిరుదుల మధ్య ఎముక), మడమ, చీలమండ దగ్గర, దీని ప్రభావం ఎక్కువ. బాగా కండ ఉన్న పిరుదు లోపల తక్కువ.

పంది చర్మం మన చర్మానికి దగ్గరే. కానీ అవి ఆరోగ్యంగా ఉన్న జంతువులు. షుగరు, నాళాల జబ్బు, పక్షవాతం ఉన్న మనిషికి 25 డిగ్రీల దగ్గర 5 గంటలు క్షేమం అని దీన్నుంచి లెక్క కట్టకూడదు. తరువాత మనుషుల మీద, వెన్నుపాము దెబ్బతిన్న వాళ్ళ మీద కూడా, చిన్న ప్రయోగాలు జరిగాయి. చర్మాన్ని 25కి చల్లబరిచి నొక్కితే, వదిలాక ఆ చోటికి ఎగదన్నుకొచ్చే రక్తం తక్కువగా కనబడింది, అంటే కండ పడ్డ ఆకలి తక్కువ. దిశ ఒకటే. పుండ్లే తగ్గాయని చూపే పెద్ద పరీక్షలు వేరే సంగతి, అంత గట్టిగా నేను చెప్పను.

---

వార్డు_మెట్రన్

శిక్షకురాలు గారూ, అటెండర్లకు ముందు పొరల సంగతి చెప్పండి. ప్రతి పొరా ఒక దుప్పటి కప్పినట్టే. చర్మానికీ పరుపుకూ మధ్య ఒక్క నూలు దుప్పటి, అవసరమైతే ఒక్క అండర్‌ప్యాడ్ (తడి పీల్చే ప్యాడ్). అంతే. బొంత తీసేయండి. రబ్బరు షీటు తప్పదనుకుంటే నిలువునా పరవకుండా నడుం కింద ముక్క వరకే వేసి, పైన నూలు గుడ్డ, ఆరు నెలలు వాడిన మెత్తటి పంచె అయితే ఇంకా మంచిది. ముడతలు లేకుండా లాగి అంచులు పరుపు కిందికి దోపాలి.

మంచంలో ఉన్నప్పుడు డైపరు పట్టీలు బిగించకుండా కింద పరిచి ఉంచితే గాలి ఆడుతుంది. బిగించిన డైపరు లోపల వేడి, చెమ్మ, మూత్రం మూడూ కలిసి చర్మాన్ని నానబెడతాయి. నానిన చర్మం దుప్పటికి అతుక్కుంటుంది. అలాంటప్పుడు మనిషిని పైకి లాగితే పైపొర ఊడి వస్తుంది. చర్మం పైపొర 30 డిగ్రీల దగ్గర ఉన్న గట్టిదనంలో 35 దగ్గర నాలుగో వంతే ఉంటుందని ఈ విషయం మీద వచ్చే పత్రాల్లో తరచూ చూపే లెక్క.

పౌడరు దట్టంగా చల్లొద్దు. చెమటతో కలిసి గడ్డకట్టి ఇసుకలా గీరుతుంది. స్పిరిట్ రుద్దొద్దు, రుద్దిన క్షణం చల్లగా అనిపించినా చర్మాన్ని ఎండగట్టి పగలగొడుతుంది. ఎర్రబడ్డ చోట మర్దన అసలే వద్దు, లోపల ఇప్పటికే దెబ్బతిన్న కండను ఇంకా నలిపినట్టవుతుంది. మధ్యలో చిల్లున్న రబ్బరు రింగులు కూడా తీసేయించండి. ఆ రింగు అంచు చుట్టూ నొక్కి, మధ్యలో ఉన్న చర్మానికి రక్తం రాకుండా చేస్తుంది, పైగా రబ్బరు, అదీ వేడే.

---

గాలిపరుపు_ఇంజనీరు (బయోమెడికల్)

పరుపు విషయం కాస్త విడమరుస్తాను. అమ్మేవాళ్ళు చెప్పేది ఒత్తిడి సంగతే, వేడి సంగతి ఎవరూ చెప్పరు.

ఊరికే పడుకున్న పెద్ద మనిషి ఒంటి నుంచి 70–80 వాట్ల వేడి బయటికి పోవాలి. పరుపుకు ఆనిన భాగం నుంచి అది పోవడానికి రెండే దారులు: పరుపులోకి పారడం, చెమట ఆవిరవడం.

నురుగు పరుపు (ఫోమ్) మొదటి దారి మూసేస్తుంది. అది స్వెట్టర్ లాంటిది. ఆనిన చర్మం గంటలోపే 35 దాటుతుంది. మెమరీ ఫోమ్ ఒంటిని చుట్టుకుంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ. జెల్ ప్యాడ్ మొదట చల్లగా ఉండి వేడి లాక్కుంటుంది. కానీ అది నిండే చెంబు లాంటిది, ఒకటి రెండు గంటల్లో ఒంటి వేడికి వచ్చేస్తుంది. ఆ తర్వాత దానితో లాభం లేదు, తీసి పక్కన పెట్టి చల్లారనివ్వాలి. నీటి పరుపు ఫోమ్ కంటే పదిహేను రెట్లకు పైగా వేగంగా వేడి లాక్కుంటుంది. నీళ్ళు చాలా ఉంటాయి కాబట్టి ఎక్కువసేపు పనిచేస్తుంది.

ఇక్కడే మన వేసవి లెక్క తారుమారు చేస్తుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో గది 38కి చేరిందనుకోండి. నీటి పరుపులో నీళ్ళూ మెల్లగా అక్కడికే వస్తాయి. చర్మం వేడి 34, 35. ఇక వేడి పరుపు నుంచి ఒంట్లోకి పారుతుంది. అంటే చల్లబరచాల్సిన పరుపు పొయ్యి అవుతుంది. ఆ గదిలో మిగిలేది చెమట ఆవిరయ్యే దారి ఒక్కటే, దాన్ని పరుపు మీది పీవీసీ (ప్లాస్టిక్) తొడుగు మూసేస్తుంది. కాబట్టి వేసవిలో నీటి పరుపు వాడేవాళ్ళు నీటి వేడిని చేత్తో కాదు, థర్మామీటరుతో చూడాలి. 32 దాటితే పాక్షికంగా నీళ్ళు మార్చడమో, గది చల్లబరచడమో చేయాలి. శీతాకాలంలో సరిగ్గా తలకిందులు. 18, 20 డిగ్రీల నీటి మీద బక్కచిక్కిన ముసలివాళ్ళను రాత్రంతా పడుకోబెడితే ఒళ్ళే చల్లబడిపోతుంది.

మన ఇళ్ళల్లో ఎక్కువగా కనబడే బుడగల ఎయిర్ బెడ్ ఒత్తిడిని మారుస్తుంది, సాధారణంగా 10 నిమిషాల చక్రంలో. గాలి లోపలే తిరుగుతుంది, చర్మానికి తగలదు. కాబట్టి వేడి విషయంలో అది ప్లాస్టిక్కే. దాని మీద నూలు దుప్పటి వదులుగా పరవాలి. బిగించి కడితే బుడగలు లేవలేవు. చర్మం వైపు గాలి వదిలే పరుపులు వేరు, వాటి కవరులో సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటి మీద ప్లాస్టిక్ అండర్‌ప్యాడ్ వేస్తే పెట్టిన డబ్బంతా వృథా.

---

గృహసేవ_శిక్షకురాలు

కరెంటు పోతే ఎయిర్ బెడ్ దిగిపోతుంది కదా? అది చాలామంది అడిగే ప్రశ్న.

---

గాలిపరుపు_ఇంజనీరు

ఆ పంపు మోటారు చాలా చిన్నది, ఇంటి ఇన్వర్టరు మీద రాత్రంతా నడుస్తుంది. ఇన్వర్టరు లేకపోతే కరెంటు పోగానే రెండు గొట్టాలనూ మడిచి రబ్బరు బ్యాండు వేస్తే గాలి కొంతసేపు నిలుస్తుంది. కానీ అప్పుడు బుడగలు మారవు, ఫ్యాను కూడా ఆగింది. ఒత్తిడి, వేడి రెండూ ఒకేసారి పెరిగే సమయం అది. కరెంటు లేనంత సేపు గంటకోసారి తిప్పమని చెప్పండి.

ఇంకొకటి. పరుపులో గాలి చాలిందో లేదో చూడడానికి అరచేయి పైకి ఉండేలా పరుపు కింద, పిరుదుల అడుగున దూర్చాలి. చేతికీ ఒంటికీ మధ్య కనీసం అంగుళం గాలి మందం తెలియాలి. ఎముక తగిలితే పంపు డయలు బరువుకు సరిపోలేదు, లేదా బుడగ చిల్లిపడింది.

---

కృష్ణాతీరం

కూలర్ల గురించి. పొడి వేడి ఉన్న తెలంగాణ వైపు కూలరు బాగా పనిచేస్తుంది. విజయవాడ, మచిలీపట్నం వైపు జూన్ ఉక్కపోతలో గది మూసి కూలరు పెడితే తేమ పెరిగి చెమట ఆరదు. అక్కడ కూలరులో నీళ్ళు ఆపి ఫ్యానులా వాడటం, ఎదురుగా కిటికీ తెరవడం మంచిది. ఏసీ ఉంటే 26 దగ్గర పెట్టి, గాలి నేరుగా ఒంటి మీదకు కొట్టకుండా తిప్పాలి.

తిప్పినప్పుడు కూడా వీపు వెంటనే కప్పేయకుండా 15–20 నిమిషాలు గాలికి వదలండి. రెండు గంటలకోసారి తిప్పడమంటే ఒత్తిడి తీయడమే అనుకుంటారు, వేడి దింపడం కూడా.

---

చక్రాలకుర్చీ_ఫిజియో

వెన్నుపాము దెబ్బ తగిలిన వాళ్ళ సంగతి వేరుగా రాయాలి. దెబ్బ కింది భాగంలో స్పర్శ ఉండదు, చాలామందికి ఆ భాగంలో చెమట పట్టదు, నాళాలు వేడికి స్పందించి విప్పారవు. అంటే ఒంటి సొంత కూలింగు కూడా పోయింది, నొప్పి కూడా తెలియదు.

ఎక్కువగా చూసే తప్పులు: ఎండలో నిలిపిన కారు సీటు మీద నేరుగా కూర్చోబెట్టడం. జెల్ కుషన్‌ను కారులో వదిలేసి వచ్చి మళ్ళీ అదే వాడటం, లోపలి జెల్ చాలాసేపు వేడి పట్టుకుని ఉంటుంది, పైన గుడ్డ చల్లగా ఉన్నా. తొడల మీద ల్యాప్‌టాప్, వేడి అన్నం పళ్ళెం. చలికాలంలో కాళ్ళ దగ్గర వేడి సంచి. కూర్చునే ముందు తన మోచేతి లోపలి వైపుతో, స్పర్శ ఉన్న చోటుతో, కుషన్‌ను అర నిమిషం తాకి చూడటం అలవాటు చేయాలి.

కుర్చీలో 15–30 నిమిషాలకోసారి బరువు తీయాలి. చేతులతో పైకి లేచి రెండు మూడు సెకన్లు ఉంటే సరిపోదు, రక్తం తిరిగి నిండడానికి ఒకటి రెండు నిమిషాలు కావాలి. అంతసేపు చేతుల మీద నిలవడం కష్టం, భుజాలు పోతాయి. ముందుకు వంగి మోకాళ్ళ మీద మోచేతులు ఆనించడం, లేదా ఒక్కో పక్కకు ఒరగడం నేర్పండి. అప్పుడు కుషన్‌కూ పిరుదుకూ మధ్య గాలి కూడా చొరబడుతుంది.

---

థియేటర్_టెక్నీషియన్

ఆపరేషన్ థియేటర్లో కూడా ఇదే సమస్య. మత్తులో మనిషి చల్లబడకుండా వేడి చేయడం తప్పనిసరి. ఆ వేడి ఎక్కడ నుంచి ఇస్తున్నామన్నదే ప్రశ్న. కింద వేడినీటి పరుపు వేస్తే నలిగిన చోటే వేడి తగులుతుంది. పైన వేడిగాలి దుప్పటి కప్పితే నలగని చర్మం నుంచి వేడి లోపలికి వెళ్తుంది, అక్కడ రక్తం పారుతోంది కాబట్టి పంచుకుపోతుంది. మూడు గంటలు దాటే ఆపరేషన్లలో, బీపీ తగ్గినప్పుడు, ఇది పెద్ద తేడా.

రెండు మూడు రోజుల తర్వాత త్రికాస్థి దగ్గర ఊదారంగు మచ్చ కనబడితే "థియేటర్లో కాటరీ ప్లేటు కాల్చింది" అంటారు. కాటరీ అంటే కరెంటుతో కోసే పరికరం. దాని ప్లేటు తొడకు అంటించి ఉంటుంది, మచ్చ ఎముక మీద ఉంటుంది. లోతు గాయం పైకి తేలడానికి 48 నుంచి 72 గంటలు పడుతుంది. మచ్చ ఆకారం, చోటు ఎముకకు సరిపోతే అది ఒత్తిడి గాయమే.

---

గృహసేవ_శిక్షకురాలు

మన చర్మం రంగులో ఎరుపు సరిగ్గా కనబడదు. అటెండరు ఎలా గుర్తుపట్టాలి? నుదుటికి పెట్టే థర్మామీటరు గన్ను వాడొచ్చా?

---

వార్డు_మెట్రన్

ఎరుపు కోసం వెతికితే నల్లటి ఒంటి మీద ఆలస్యమైపోతుంది. చేతి వెనక వైపుతో తాకండి, పక్కనున్న చర్మంతో పోల్చండి. వేడిగా ఉందా, చల్లగా ఉందా, గట్టిగా ఉందా, మెత్తగా ముద్దలా ఉందా, ముట్టుకుంటే నొప్పి అంటున్నారా. ఈ ఐదూ రంగు కంటే ముందు తెలుస్తాయి. రంగు కనబడితే వేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ రంగు వస్తే రక్తం ఆడుతోంది. నొక్కినా మారకపోతే మొదటి దశ పుండు మొదలైనట్టే. వేడి తగ్గని చోట మళ్ళీ పడుకోబెట్టొద్దు.

---

గాలిపరుపు_ఇంజనీరు

గన్ను వాడొచ్చు, జాగ్రత్తలతో. ఆ గన్ను "బాడీ" మోడ్‌లో నుదుటి వేడికి ఏదో కలిపి చూపిస్తుంది. "సర్ఫేస్" మోడ్‌కు మార్చాలి. తిప్పిన వెంటనే కొలవకూడదు, పరుపు వేడి ఇంకా చర్మంలో ఉంటుంది. తెరిచి ఉంచి 10–15 నిమిషాలాగి, ఫ్యాను నేరుగా తగలకుండా, 3–5 సెంటీమీటర్ల దూరం నుంచి కొలవాలి. మూడుసార్లు కొలిచి మధ్య అంకె రాసుకోవాలి. మడమలకు రెండో కాలితో పోల్చాలి. త్రికాస్థికి జోడీ లేదు కాబట్టి నాలుగు వేళ్ళ పక్కనున్న చర్మంతో. ఈ గన్నుల లోపమే అర డిగ్రీ దాకా ఉండొచ్చు, అందుకే ఒక డిగ్రీకి పైగా తేడా, అదీ మళ్ళీ కొలిచినా అలాగే ఉంటే, లెక్కలోకి తీసుకోండి.

ఒంటి రంగు గన్నుకు అడ్డు కాదు. పరారుణ కిరణాలను అన్ని రంగుల చర్మమూ ఒకేలా వెదజల్లుతుంది.

---

కండ_చర్మం

దాని అర్థం కూడా రాసుకోండి. కమిలిన చోటు పక్కదానికంటే వేడిగా ఉంటే వాపు, రక్తం తిరిగొస్తున్న పోటు. ఒత్తిడి పూర్తిగా తీసేస్తే కోలుకునే అవకాశం ఉంది. కమిలిన చోటు చల్లగా ఉంటే అక్కడ రక్తం ఆడటం లేదు. చల్లగా, ఊదారంగులో, ముద్దలా ఉన్నది కుళ్ళే అవకాశం ఎక్కువ. "చల్లగా ఉంది, నయమే" అని అటెండరు అనుకునే ప్రమాదం ఉంది కనుక ఇది ప్రత్యేకంగా చెప్పండి. అదే రోజు డాక్టరుకు చూపించాలి.

---

ప్రశ్న_అడుగుతా

మరి ఐసు? పుండు పడ్డాక కడిగే సెలైన్ చల్లగా ఉండాలా, వెచ్చగానా?

---

కండ_చర్మం

ఐసు వద్దు. మనకు కావలసింది 35ని 30 వైపుకు దింపడం, సున్నాకు కాదు. ఐసు నాళాలను బిగించేస్తుంది, స్పర్శ లేని చోట చర్మం గడ్డకట్టి చస్తుంది, షుగరు కాళ్ళలో మరీను. తడిగుడ్డ నలిగే చోట పెట్టడమూ తప్పే, చెమ్మ చర్మాన్ని నానబెడుతుంది. తడిగుడ్డతో చేతులు, ఛాతీ, నుదురు తుడిచి జ్వరం దింపండి. నడుం కింద పొడిగా ఉంచండి.

పుండు పడ్డాక లెక్క మారుతుంది. చర్మం ఇంకా మూసి ఉన్నప్పుడు నలిగే చోట చల్లదనం కాపాడుతుంది. తెరుచుకున్న పుండు ఒత్తిడి లేకుండా మానేటప్పుడు దానికి ఒంటి వెచ్చదనం కావాలి. పుండు మీద 33 డిగ్రీల కంటే తగ్గితే తెల్లకణాలు, కొత్త కండ కట్టే కణాలు మందగిస్తాయి. కట్టు విప్పి చల్లటి సెలైన్‌తో కడిగితే ఆ వేడి తిరిగి రావడానికి అరగంట పైనే పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా వాడొద్దు. మూసి ఉన్న సీసాను గోరువెచ్చని నీళ్ళలో 10 నిమిషాలు ఉంచి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుని వాడండి. కట్టుకు కావలసినవన్నీ ముందే సిద్ధం చేసుకుని, పాత కట్టు ఆఖరున విప్పండి. పుండు తెరిచి పెట్టి కత్తెర కోసం వెతక్కూడదు.

"పుండు ఆరాలి" అని బల్బు వెలుగు పెట్టే పాత పద్ధతి కూడా ఆపించండి. అది పుండును వెచ్చబరచడం కాదు, ఎండగట్టి పైన చెక్కు కట్టిస్తుంది, చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని కాలుస్తుంది. వేడినీళ్ళ సీసాలు, హీటింగ్ ప్యాడ్లు, మంచంలో వేడిచేసే పరికరాలు చర్మం మీద గానీ పుండు మీద గానీ నేరుగా పెట్టొద్దని పడక పుండ్ల మీద వచ్చిన 2014 అంతర్జాతీయ మార్గదర్శకాల్లోనే రాసి ఉంది.

---

గృహసేవ_శిక్షకురాలు

పాఠంలో "జ్వరం 38 దాటితే రెండు గంటలు కాక గంటన్నరకే తిప్పండి" అని రాస్తున్నాను. పక్కకు తిప్పేటప్పుడు వీపు వెనక దిండు పెడతాం కదా, అదీ వేడే కదా?

---

వార్డు_మెట్రన్

గంటన్నర మంచి నియమం, ఉంచండి. దిండు భుజం వెనక, తొడ వెనక రెండు చిన్నవి పెట్టండి, మధ్యలో త్రికాస్థి దగ్గర ఖాళీ వదలండి. అక్కడ గాలి ఆడాలి. పూర్తిగా ప్రక్కకు తిప్పితే తుంటి ఎముక నలుగుతుంది, 30 డిగ్రీల వాలు చాలు. ఇక్కడ డిగ్రీలంటే కోణం అని అటెండర్లకు విడిగా చెప్పండి. మడమల కింద దిండు పెట్టేటప్పుడు పిక్కల పొడవునా ఆనించి, మడమ గాల్లో తేలాలి. నీళ్ళు నింపిన గ్లవ్స్ మడమ కింద పెడుతుంటారు, అవి చల్లగా ఉంటాయని. అంత చిన్న సంచిలో నీళ్ళు కాసేపట్లోనే ఒంటి వేడికి వస్తాయి, ఒత్తిడి మాత్రం అలాగే మిగులుతుంది.